కిర్కూబ్రీలో ఒక పాత ఇల్లు



ఈ వేళ మీకు ఒక ఇంటిని గురించి చెప్పాలనుకుంటున్నాను. ఆ ఇల్లు మన దేశంలో లేదు. స్కాట్లండులో, సముద్ర తీరాన ఉన్న ఓ చిన్న ఊళ్ళో ఉంది. "సప్త సముద్రాలకవతల ఉన్న ఇంటి గొడవ మనకెందుకమ్మా, మన ఇంటి గొడవలు మనకి చాలవూ?" అని మీలో కొందరైనా అనుకోవచ్చు. కాని ఇల్లన్నాక ఎక్కడైనా ఇల్లే. గోడకి చెమ్మెక్కితే వాళ్ళకీ దిగులే, మనకీ దిగులే. కొన్న ఆయన పేరు నలుగురికీ తెలియడం, ఆ ఇంటిని ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉన్న ఆడమనిషి పేరు ఎవరికీ పట్టకపోవడం, అదీ అక్కడా ఇక్కడా ఉన్నదే. అంచేత కాస్సేపు ఓపిక పట్టి వినండి.

ముందు ఊరి పేరు చెబుతాను. కిర్కూబ్రీ. ఇంగ్లీషులో రాస్తే బారెడు అక్షరాలుంటాయి. రాసింది రాసినట్టు చదివామా, ఆ ఊరివాళ్ళు నవ్వుతారు. సగం అక్షరాలు మింగేసి "కిర్కూబ్రీ" అనాలిట! స్కాట్లండుకి నైరుతి మూల, గాలోవే అనే ప్రాంతంలో ఉంది. డీ అనే నది సోల్వే సముద్రపు పాయలో కలిసే చోట ఈ ఊరు. అక్కడ ఆటుపోట్లకి తేడా చాలా ఎక్కువ. పోటు మీదున్నప్పుడు రేవు నిండుగా, ఓడలు ఊగుతూ కళకళలాడుతుంది. ఆటు వచ్చిందంటే ఆ నీళ్ళన్నీ ఎటు పోయాయో, మెరిసే బురద మేటలు మిగుల్తాయి. 1455లో ఆ ఊరికి రాజుగారు పట్టణ హోదా ఇచ్చారు. ఊరి నడుమ 16వ శతాబ్దం నాటి పాడుబడ్డ కోట ఒకటుంది. 17వ శతాబ్దంలో కట్టిన చెరసాల ఒకటుంది. తరవాత అమెరికా నౌకాదళంలో వీరుడని పేరు తెచ్చుకున్న జాన్ పాల్ జోన్సుని 1770లో కొంతకాలం ఆ చెరసాల్లోనే ఉంచారు. అదే భవనం ఇప్పుడు చిత్రకళా కేంద్రమయింది. కాలం ఎంత చిత్రమైనదో చూడండి!

ఆ ఊరి పెద్దవీధిలో ఉంది మనం చెప్పుకునే ఇల్లు. పేరు బ్రౌటన్ హౌస్. 18వ శతాబ్దంలో కట్టింది. కాలీ, బ్రౌటన్ అనే ఎస్టేట్లున్న మర్రే వంశం వాళ్ళది. వాళ్ళ ఎస్టేటు పేరే ఇంటికి నిలిచింది. వాళ్ళకి పల్లెల్లో భూములూ, భవంతులూ ఉండనే ఉన్నాయి. మళ్ళీ పట్నంలో ఇల్లెందుకంటారా? మన జమీందార్లకి ఊళ్ళో కోట ఉన్నా మద్రాసులో ఒక బంగళా ఉండేది చూడండి, అల్లాగే. కోర్టు పనులు, లెక్కాచారాలు, పెళ్ళి సంబంధాలు, చలికాలంలో నలుగురితో కలిసి విందులు, వీటన్నిటికీ పట్నంలో ఒక ఇల్లు కావాలి. ఆ రోజుల్లో స్కాట్లండు జమీందార్లలో చాలామందికి ఇల్లాంటి పట్నపు ఇళ్ళుండేవి.

ఈ ఇళ్ళు వీధిని ఆనుకునే ఉంటాయి. ముందు వాకిలి గాని, అరుగు గాని ఉండవు. తలుపు తీస్తే వీధే. అయితే వెనక మాత్రం పొడుగాటి సన్నని పెరడు ఉంటుంది. ఈ ఇంటి పెరడు నది ఒడ్డు దాకా పోతుంది. ఇంటికీ ఇంటికీ మధ్య ఇరుకు సందులు. వీధిలోంచి చూసినవాళ్ళకి లోపల అంత తోట ఉందని ఊహకి కూడా అందదు. మన గోదావరి జిల్లాల్లో వీధి గుమ్మంలోంచి చూస్తే పెరటి గుమ్మం, దాని వెనక కొబ్బరిచెట్లు కనిపించే మండువా లోగిళ్ళు ఎరిగినవాళ్ళకి ఈ సంగతి చెప్పగానే బోధపడుతుంది.

ఇక కిటికీలు. వాటి రెక్కలు మన కిటికీల్లా పక్కకి తెరుచుకోవు, పైకీ కిందకీ జరుగుతాయి. చట్రం లోపల ఎవరికీ కనపడకుండా తాళ్ళకి ఇనప బరువులు వేలాడుతుంటాయి. ఆ బరువు వల్ల అంత పెద్ద అద్దాల కిటికీ కూడా ఒక్క చేత్తో లేస్తుంది. ఎక్కడ ఆపితే అక్కడ నిలుస్తుంది. తాడు తెగిందంటే మాత్రం దభీమని కిందకి పడుతుంది. 18వ శతాబ్దంలో బ్రిటన్‌లో ఇంటికెన్ని కిటికీలున్నాయో లెక్కపెట్టి పన్ను వేసేవారు. ఆ పన్ను 1851 దాకా పోలేదు. పన్ను బాధకి కొందరు ఉన్న కిటికీలే మూసి ఇటికలు పేర్చేసుకున్నారట. వెలుతురు మీద పన్నంటే ఇంటి లోపల పగలంతా పని చేసుకునే ఆడవాళ్ళ కళ్ళ మీద పన్నే కదూ!

ఈ ఇల్లు మర్రేలదే అయినా, దానికి పేరు తెచ్చింది మర్రేలు కారు. ఒక చిత్రకారుడు. ఆయన పేరు ఎడ్వర్డ్ ఆట్కిన్సన్ హార్నెల్. 1864లో ఆస్ట్రేలియాలో పుట్టాడు. తల్లిదండ్రులది కిర్కూబ్రీయే. పిల్లవాడికి రెండేళ్ళప్పుడు వాళ్ళు మళ్ళీ సొంత ఊరు చేరుకున్నారు. తండ్రి బూట్లు కుట్టే పని చేసేవాడు. కొడుకు ఎడింబరోలోనూ, బెల్జియంలోని ఆంట్వెర్ప్‌లోనూ చిత్రలేఖనం నేర్చుకున్నాడు. గ్లాస్గో నగరంలో కొత్త తరహా బొమ్మలు వేసే కుర్రవాళ్ళ బృందం ఒకటుండేది. వాళ్ళని "గ్లాస్గో బాయిస్" అనేవారు. అందులో ఈయనా ఒకడు. 1893లో జార్జి హెన్రీ అనే స్నేహితుడితో కలిసి జపాన్ ప్రయాణం కట్టి అక్కడ ఏడాదిపైనే ఉన్నాడు. తిరిగొచ్చాక 1895లో గ్లాస్గోలో ప్రదర్శన పెడితే ఆ బొమ్మలు దాదాపు అన్నీ అమ్ముడుపోయాయి.

అల్లా చేతిలో డబ్బాడాక 1901లో బ్రౌటన్ హౌస్ కొన్నాడు. చూశారా, బూట్లు కుట్టినాయన కొడుకు జమీందార్ల ఇంటికి యజమాని అయ్యాడు! ఇంటి వెనక తాను పని చేసుకోవడానికి స్టూడియో, బొమ్మలు పెట్టుకోవడానికి పెద్ద హాలు కట్టించాడు. గ్లాస్గో వాస్తుశిల్పి జాన్ కెప్పీ దానికి నక్షా గీశాడు. గ్రీసు దేశపు పార్థినాన్ గుడి మీది శిల్పాలకి ప్లాస్టరు నకళ్ళు తీయించి గోడల పై భాగాన పెట్టించాడు. పెరట్లో చిన్న కొలను, దానిలో అడుగేసి దాటడానికి రాళ్ళు, జపాన్‌లో చూసి వచ్చినట్టుగా పూల మొక్కలు, మధ్య మధ్య పాతకాలపు చెక్కుడు రాళ్ళు, నీడ గడియారాలు, ఇల్లా ముచ్చటగా తోట వేయించాడు. పైగా పుస్తకాల పిచ్చి. గాలోవే ప్రాంతానికి సంబంధించిన కాగితం ముక్క ఎక్కడున్నా కొనేవాడు. స్కాట్లండు కవి రాబర్ట్ బర్న్స్ పుస్తకాలు కూడా విపరీతంగా సేకరించాడు. మొత్తం వేల పుస్తకాలయ్యాయి.

బాగానే ఉంది. ఇప్పుడు మనం ఇల్లాళ్ళం వేసుకోవలసిన ప్రశ్న వేసుకుందాం. ఇన్ని బొమ్మలు, వేల పుస్తకాలు, ఇంత పెరడు, వచ్చే పోయే అతిథులు, ఇవన్నీ ఉన్న ఇంటిని నడిపిందెవరు? హార్నెల్ పెళ్ళి చేసుకోలేదు. ఆయనతో పాటు ఆ ఇంట్లో ఉన్నది అక్కచెల్లెళ్ళలో ఒకరు, ఎలిజబెత్. ఆవిడా పెళ్ళి చేసుకోలేదు. ఇంట్లోవాళ్ళు టిజ్జీ అని పిలిచేవారు. హార్నెల్ మీద పుస్తకాలకి పుస్తకాలు వచ్చాయి. ఎలిజబెత్ గురించి ఆ పుస్తకాల్లో ఏరితే గుప్పెడు వాక్యాలు దొరుకుతాయి.

అల్లాంటి ఇంటిని నడపడమంటే ఏమిటో మనకొకరు చెప్పక్కర్లేదు. చలిదేశం. ప్రతి గదిలోనూ పొయ్యి. పొద్దున్నే నిన్నటి బూడిద ఎత్తాలి, బొగ్గు మోసుకురావాలి, రాజెయ్యాలి. పొయ్యి ఉన్నచోట మసి ఉంటుంది. మసి ఉన్న గదిలో బొమ్మలుంటే బొమ్మల మీదా, పుస్తకాలుంటే పుస్తకాల మీదా పేరుకుంటుంది. సముద్రపు గాలికి చెమ్మ, ఉప్పు. నీళ్ళ తోడే పుస్తకాలకి పురుగు. పనివాళ్ళుంటారనుకోండి. ఉన్నా వాళ్ళ వెనకాల తిరిగి చేయించుకోవడం కూడా పనేనని పనిమనిషిని పెట్టుకున్న ప్రతి ఇల్లాలికీ తెలుసు. ఇల్లు కొన్న 1901 నుంచి అన్నదమ్ముడి పక్కనే ఉండి ఈ బాధ్యతంతా చూసుకున్నది ఎలిజబెత్.

అయితే ఆవిడ వంటింటికే పరిమితమైన మనిషి అనుకునేరు! 1907లో హార్నెల్ సింహళానికీ ఆస్ట్రేలియాకీ వెళ్ళినప్పుడు ఆవిడా వెళ్ళింది. మళ్ళీ 1920లో బయలుదేరి బర్మా, జపాన్ తిరిగొచ్చినప్పుడూ వెంట ఉంది. ఆ రోజుల్లో ఓడ ప్రయాణమంటే వారాలూ నెలలూ పట్టేది. మన సర్కారు జిల్లాల నుంచి వేలకి వేల మంది కూలికోసం ఓడలెక్కి రంగూన్ వెళ్ళిన కాలం కూడా అదే. ఆ రేవులో మనవాళ్ళు మోతలు మోస్తూ ఉంటే ఈ అన్నాచెల్లెళ్ళో, అక్కాతమ్ముళ్ళో చూసే ఉంటారని నాకనిపిస్తుంది.

1933లో హార్నెల్ కన్నుమూశాడు. ఇంటినీ, బొమ్మలనూ, గ్రంథాలయాన్నీ ఊరివాళ్ళకి చెందాలని రాసిపెట్టాడు. ఎలిజబెత్ బతికున్నంతకాలం మాత్రం ఆ ఇంట్లో ఉండవచ్చు. 1933 నుంచి 1950లో తాను పోయేదాకా, అంటే పదిహేడేళ్ళు, ఆవిడ ఆ ఇంటిని కాపాడింది. మధ్యలో రెండో ప్రపంచ యుద్ధం. సరుకులన్నీ రేషను మీద వచ్చే రోజులు. యుద్ధం పోయాక కూడా అక్కడ రేషను పోలేదు. ఆ పదిహేడేళ్ళూ వస్తువులని చెదరగొట్టకుండా, తన తరవాత ఊరికి అప్పగించాల్సిన ఇల్లని గుర్తుంచుకుని ఉంది. తన పేరున లేని ఇంటిని, తన తరవాత ఎవరెవరో వచ్చి చూసే ఇంటిని, తన ఇంటిలాగే చూసుకోవడం! ఈ మాట వింటుంటే మనలో ఎంతమందికి మన మేనత్తలూ, పెద్దమ్మలూ గుర్తొస్తారో చెప్పలేను. పుట్టింట్లోనే ఉండిపోయి, అన్నదమ్ముల సంసారాలు ఈది, ఆఖరికి ఏ దస్తావేజులోనూ పేరు లేకుండా వెళ్ళిపోయినవాళ్ళు ప్రతి వంశంలోనూ ఒకరో ఇద్దరో ఉంటారు.

పేర్ల మాట వచ్చింది కాబట్టి మరో సంగతి కూడా చెప్పాలి. హార్నెల్ బొమ్మల్లో ఎక్కువ భాగం ఆడపిల్లలే. పూలపొదల మధ్య, సముద్రం ఒడ్డున, పూలు కోస్తూ, ఆడుకుంటూ ఉంటారు. రంగు దట్టంగా వేసి, పూలూ పిల్లలూ ఒకదాన్లో ఒకటి కలిసిపోయినట్టు చిత్రిస్తాడు. వాటికి మాదిరి ఎక్కడిదంటే, ఫొటోలు. పిల్లలని నిలబెట్టో, కూర్చోబెట్టో ఫొటోలు తీసి, వాటిలోని చేతులూ మొహాలూ చూసి బొమ్మలోకి ఎక్కించేవాడు. కిర్కూబ్రీ పిల్లలనీ తీశాడు, సింహళంలోనూ బర్మాలోనూ ఆడపిల్లలనీ ఆడవాళ్ళనీ తీశాడు. జపాన్‌లో కొన్న ఫొటోలు కూడా ఉన్నాయి. ఆ గాజు పలకలూ, ఫొటోలూ వందల కొద్దీ ఆ ఇంట్లోనే మిగిలాయి. 2020లో ఎడింబరోలో ఆ ఫొటోలనూ బొమ్మలనూ కలిపి ఒక ప్రదర్శన పెట్టారు.

ఇప్పుడు చూసేవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటే. ఈ పిల్లలెవరు? వాళ్ళని అడిగి తీశారా? బొమ్మ అమ్ముడుపోతే వాళ్ళకేం ముట్టింది? ముఖ్యంగా సింహళంలోనూ, బర్మాలోనూ తీసినవాళ్ళ పేర్లు చాలామటుకు ఎక్కడా రాసి లేవు. తెల్లదొర వచ్చి నిలబడమంటే నిలబడ్డారు. మొహం మిగిలింది, పేరు పోయింది. బొమ్మ అందంగా లేదని నేనటం లేదు. అందంగానే ఉంటుంది. అందమైన బొమ్మ ముందు నిలబడి "ఈ అమ్మాయి ఎవరి బిడ్డో" అనుకోవడం కూడా బొమ్మని చూడడంలో భాగమే అంటాను.

ఆ వీధిలోనే పేరు నిలబెట్టుకున్న ఆడవాళ్ళు కూడా ఉన్నారు. అది కూడా చెప్పకపోతే కథ సగమే చెప్పినట్టు. బ్రౌటన్ హౌస్‌కి కాస్త దూరంలో గ్రీన్‌గేట్ అనే ఇల్లుంది. అది జెస్సీ మేరియన్ కింగ్ ఇల్లు. 1875లో పుట్టిన ఈవిడ గ్లాస్గో కళాశాలలో చదివి, పుస్తకాలకి బొమ్మలు వేయడంలో గొప్ప పేరు తెచ్చుకుంది. నగలకీ, బట్టలకీ డిజైన్లు గీసింది. 1908లో టేలర్ అనే చిత్రకారుణ్ణి పెళ్ళాడినా తన బొమ్మల కింద జెస్సీ కింగ్ అనే సంతకం చేసేది. కొన్నాళ్ళు పారిస్‌లో ఉండి అక్కడ బాటిక్ పని నేర్చుకుంది. మైనం అద్ది రంగులో ముంచే బాటిక్ చీరలు మనం ఎరిగినవే కదా, అదే పని. 1924లో ఆ పనిని సిండ్రెల్లా కథలో కలిపి పిల్లలకి అర్థమయ్యేలా ఒక పుస్తకం కూడా వేసింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కిర్కూబ్రీలో స్థిరపడి, గ్రీన్‌గేట్ వెనక సందులో ఉన్న చిన్న చిన్న ఇళ్ళు వేరే ఆడ చిత్రకారిణులకి ఇచ్చేది. ఒక ఇంటి పెరడు పదిమంది ఆడవాళ్ళకి పని చేసుకునే చోటయింది. 1944లో స్కాట్లండు రాయల్ అకాడమీలో పూర్తి సభ్యత్వం పొందిన మొట్టమొదటి మహిళ, శిల్పి ఫిలిస్ బోన్ కూడా తన జీవితం చివరి భాగం ఈ ఊళ్ళోనే గడిపింది.

ఇక బ్రౌటన్ హౌస్‌కి తరవాత ఏమైందో చెప్పి ముగిస్తాను. ఎలిజబెత్ పోయాక స్థానికుల ట్రస్టు చూసుకుంది. 1997 నుంచి నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లండ్ అనే సంస్థ బాధ్యత తీసుకుంది. ఇల్లు, తోట జనానికి చూపిస్తున్నారు. పాత ఇంటిని నిలబెట్టడం కొత్త ఇల్లు కట్టడం కంటే కష్టం. ఆ ప్రాంతపు పాత గోడలు రాతివి, రాళ్ళ మధ్య సున్నం. పైన సున్నంలో చిన్న రాళ్ళు కలిపి గోడకి విసిరి కొట్టే పూత ఒకటి వేస్తారు. సున్నం చెమ్మని పీల్చుకుని మళ్ళీ గాలికి వదిలేస్తుంది. "గట్టిగా ఉంటుంది కదా" అని దాని మీద సిమెంటు మెత్తితే చెమ్మ లోపలే చిక్కుకుపోయి రాయి కుళ్ళుతుంది. మన పాత డంగుసున్నపు ఇళ్ళకీ ఇదే వర్తిస్తుంది. గానుగ సున్నంతో కట్టిన గోడకి సిమెంటు పూసి, రెండేళ్ళకే పెచ్చులూడితే మేస్త్రీని తిట్టుకునేవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోండి. పాత గోడకి పాత మందే వెయ్యాలి.

అల్లాగే ఇల్లాంటి ఇళ్ళలో బొమ్మలకి ఎండ తగలకుండా తెరలు దించుతారు. వెలుతురు ఎంత పడుతోందో పరికరాలతో కొలుస్తారు. గుడ్డతో రుద్దకుండా మెత్తని కుంచెతో దుమ్ము దులుపుతారు. పుస్తకాన్ని పై అంచు పట్టి లాగరు. ఇవన్నీ ఇప్పుడు శాస్త్రమని చదువుకుని నేర్చుకుంటున్నారు. పట్టుచీరెని నీడన ఆరేసి, మడతలు మార్చి మార్చి పెట్టమని మన అమ్మమ్మలు చెప్పిందీ ఆ శాస్త్రమే. పేరు పెట్టలేదు, అంతే.

అందరి ఇళ్ళూ మ్యూజియములు కావు, కానక్కర్లేదు. పెంకుటిళ్ళు పడగొట్టి అపార్టుమెంట్లు కట్టుకుంటున్నాం. నలుగురు పిల్లలు పంచుకోవాలి, రిపేర్లకి డబ్బు చాలదు. కాదనలేం. కాని ఇల్లు పోయినా ఆ ఇంటిని మోసినవాళ్ళు పోకుండా చూసుకోవడం మన చేతుల్లో పని. ఖర్చు కూడా లేదు. మీ బీరువాలోనో, అటక మీది ట్రంకు పెట్టెలోనో పాత ఫొటోలు ఉంటాయి. వాటిలో మగవాళ్ళని అందరూ గుర్తుపడతారు. వెనక వరసలో కొంగు కప్పుకుని నిలబడ్డ ఆవిడెవరో ఇంట్లో పెద్దావిడ ఒక్కరికే తెలుస్తుంది. ఆవిడ ఉండగానే అడగండి. మెత్తని పెన్సిలుతో, అచ్చు పడకుండా తేలిగ్గా, ఫొటో వెనక పేరు రాయండి. ఏ ఊరి పిల్ల, ఎవరి కూతురు, ఆ ఇంట్లో ఏం చేసేది, రెండు ముక్కలు రాయండి. పెన్ను వాడకండి, సిరా ఇవతలికి దిగుతుంది.

ఎలిజబెత్ హార్నెల్ కాపాడబట్టే ఇవాళ బ్రౌటన్ హౌస్ గుమ్మంలో మనిషి అడుగు పెట్టగలుగుతున్నాడు. ఈసారి ఎవరైనా ఆ ఊరు వెళ్ళొచ్చి హార్నెల్ ఇల్లు చూశామంటే, "హార్నెల్ ఇల్లే కాదు, ఎలిజబెత్ ఇల్లు కూడా" అని మీరొక మాట అనండి. అంతకుముందు మీ ఇంట్లో ఫొటోలు ఒకసారి దించి చూడండి.

మరి శలవు.